పట్టుబడిన యోడలోని సరకు ఎవరిది?

మా బుక్కరాయసముద్రమునకు తొలిసారి వచ్చిన కోస్తావారు పేరు విని చిరునవ్వు నవ్వుదురు. ఇచట సముద్రము లేదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడిన చాలునని యాకాశమువైపు చూచుచుండు మెట్టసీమ యిది. విజయనగరమును బుక్కరాయలు పాలించు కాలమున, 1364 ప్రాంతమున, ఆయన యధికారి చిక్కప్ప ఒడయరు పండమేటికి అడ్డముగ కట్ట వేయించి నిలిపిన నీటికే సముద్రమని పేరు. ఆ కట్ట నిలుచుటకై ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ కట్టమంచి రామలింగారెడ్డిగారి కావ్యము వలన చదువరులకెల్ల తెలిసినదే. ఇట్టి యూర కూర్చుండి మేము ఓడలను గూర్చి వ్రాయబూనుట వింతగా తోచవచ్చును. కాని యీ చెరువును కట్టించిన రాజ్యము గుఱ్ఱపుదళముల బలముచే నిలిచినది. మేలుజాతి గుఱ్ఱములు ఓర్మజు నుండియు ఏడెను నుండియు ఓడలలో వచ్చినవి. కావున ఓడలోని సరకు ఎవరిదను ప్రశ్న మెట్టసీమ వారిది కాదనరాదు.

ప్రశ్న యిది. రెండు రాజ్యములు పోరుచున్నవి. ఒకదాని యుద్ధనౌక దారిలో నొక వర్తకపు టోడను పట్టుకొన్నది. ఓడ యొకనిది, లోపలి సరకు పదుగురిది. ఆ పదుగురిలో కొందరు శత్రురాజ్యమువారు, కొందరు ఏ పక్షమునకును చేరని తటస్థులు. సరకునకు వెల యిచ్చినవాడు దేశాంతరమున లేఖకై యెదురుచూచుచున్నాడు. ఇప్పుడా సరకు ఎవరిది? కొన్నవానిదా, పట్టినవానిదా, పట్టినవాని రాజుదా?

మన ప్రాచీనులకు ఈ చిక్కు తెలియనిది కాదు. యుద్ధమున రథమునో, గుఱ్ఱమునో, ధాన్యమునో గెలిచినవానికే అది చెందునని మనువు ఏడవ యధ్యాయమున విధించెను. ఆ స్మృతియే ఎనిమిదవ యధ్యాయమున పడవవారి తప్పువలన సరకు చెడినచో వారందరు కలిసి నష్టము నిచ్చుకోవలెననియు, దైవికముగ చెడినచో వారికి దండన లేదనియు చెప్పినది. కౌటిల్యుడు ఇంకను స్పష్టముగ మాటలాడెను. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన అర్థశాస్త్రమున నావధ్యక్షుని ప్రకరణమొకటి కలదు. గాలివానకు దెబ్బతిని వచ్చిన యోడను అధ్యక్షుడు తండ్రివలె ఆదుకొనవలెను. నీట తడిసిన సరకునకు సుంకము మానవలెను, లేదా సగమే పుచ్చుకొనవలెను. ఆ ప్రకరణముననే దోపిడి యోడలను, శత్రుదేశమునకు పోవు ఓడలను నాశనము చేయవలెననియు కలదు. ఆపదలో నున్నవాడు బిడ్డ, శత్రువునొద్దకు పోవువాడు శత్రువు. ఈ రెండు వాక్యముల నడుమనున్న ఇరుకు సందులోనే తరువాతి రెండువేల యేండ్ల నౌకాన్యాయమంతయు తిరుగుచున్నదని మా యభిప్రాయము.

గాలివానకు గురియైన వర్తకుని ధనమును రాజు తీసికొనవచ్చునా అను ప్రశ్నకు తెలుగుదేశము రాతిమీద సమాధానము వ్రాసినది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము నేటి బాపట్ల జిల్లాలో వీరభద్రాలయమునొద్ద కలదు. దాని సారమిది. ఒక దేశమునుండి యింకొక దేశమునకు పోవుచు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలిమిచే లాగుకొనుచుండిరి. మేమట్లు చేయము. ప్రాణముకంటెను ధనమే యెక్కువ యని యెంచి సముద్రప్రయాణమునకు తెగించినవారికి, నియమితమైన సుంకము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టుచున్నాము. ఎగుమతి దిగుమతుల మీద సుంకము ముప్పదింట నొకవంతు. పిదప చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియములు, పోకలు మొదలగువానికి సుంకముల పట్టిక.

శాసనము దయయను మాట నుపయోగించినను, ఇందు లెక్కయు కలదు. ఒడ్డున పడిన ఓడనెల్ల దోచు రాజు రేవునకు రెండవ యోడ రాదు. ముప్పదింట నొకవంతు ప్రతియేట వచ్చుచుండుట ఒక్కసారి మొత్తమును మింగుటకంటె లాభకరము. అంతమాత్రమున ఆ శాసనపు గౌరవము తగ్గదు. లాభమును ధర్మమును ఒకేవైపు త్రోవజూపునప్పుడు ఆ త్రోవ పట్టిన రాజులే చరిత్రలో అరుదు. కాకతీయులు పోయిన పిదప, 1358లో, కొండవీటి అనపోతరెడ్డి ఆ మోటుపల్లిలోనే వర్తకులకు మరల అభయమిచ్చెను. వచ్చి కాపురముండువారికి భూమి నిత్తుమనియు, సరకును తమకిష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు, పోదలచినవారు నిరాటంకముగ పోవచ్చుననియు, బిడ్డలు లేక మరణించిన వర్తకుని సొమ్మును రాజు తీసికొనడనియు అందు కలదు. ఈ చివరి మాటను మా చదువరులలోని స్త్రీలు గమనింతురుగాక. బిడ్డలు లేని భర్త పోయిన యింట సొత్తంతయు పరాధీనమగుట మనమెరుగని సంగతి కాదు.

విజయనగరపు కథ యింకను విచిత్రము. నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడు 1535 ప్రాంతమున వ్రాసిన వృత్తాంతమున, సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను బ్రతికినను చచ్చినను వెయ్యి పర్దావులకు మూడు చొప్పున కొనెడివాడనియు, సముద్రముమీద చచ్చినవాని తోకను మాత్రము తెచ్చి చూపినను బ్రతికిన దానితో సమముగ వెల యిచ్చెడివాడనియు చెప్పెను. వర్తకుని నష్టమును రాజే మోయుట యిది. నేటివారు భీమా కంపెనీకి చందా కట్టి కొనుక్కొను నిశ్చింతను ఆ రాజు తోక చూచి యిచ్చెను. దోచుకొనుటకు శక్తిగలవాడు దోచుకొనకుండుట యొకమెట్టు; నష్టమును తనమీద వేసికొనుట దానికి పైమెట్టు.

అటుపిమ్మట పోర్చుగీసువారు సముద్రముమీదికి కొత్త న్యాయమును తెచ్చిరి. తామిచ్చిన చీటి లేని యోడ యేదైనను శత్రువుదేయని సాధించిరి. దానికి కర్తాజు అని పేరు. ఎక్కడికి పోవునది, ఏ సరకు తెచ్చునది, ఎవరిని ఎక్కించుకొన్నది అంతయు అందు వ్రాసియుండవలెను. మిరియములవంటి కొన్ని సరకులు నిషిద్ధములు. చీటి లేనిచో ఓడయు పోవును, సరకును పోవును. ఇట యుద్ధము ప్రకటింపనక్కరలేదు; చీటి లేకుండుటయే యుద్ధము. 1547లో సదాశివరాయల కాలమున విజయనగరము గోవాతో చేసికొన్న సంధిలో, గోవాకు వచ్చు గుఱ్ఱములు విజయనగరమునకే చేరవలెను గాని బిజాపురమునకు పోరాదను నియమము కలదు. అనగా సరకు కొన్నవాని యిష్టము వచ్చినచోటికి పోవుట తప్పి, సముద్రమును కాపుకాయువాని యిష్టము వచ్చినచోటికి పోవుట మొదలయినది. మోటుపల్లి శాసనమున వర్తకుడు రాజునకు సుంకము చెల్లించి స్వతంత్రుడాయెను. ఇచట సుంకమే కాక అనుమతియు కొనవలసివచ్చెను.

చీటిని నమ్ముకొని ప్రాణము పోగొట్టుకొన్నవాని కథ యొకటి చెప్పెదము. విలియం కిడ్ అను కప్తానునకు ఇంగ్లండు రాజగు మూడవ విలియము ఫ్రెంచివారి యోడలను పట్టుకొనుటకు అధికారపత్ర మిచ్చెను. 1698 జనవరి 30న మలబారు తీరమునకు దూరముగ అతడు "క్వెడా మర్చెంట్" అను ఓడను పట్టెను. బంగాళము నుండి సూరతునకు పోవుచున్న ఆ యోడలో మజ్లిను, పట్టు, పంచదార, నల్లమందు, సురేకారము నుండెను. ఓడను నడపినవాడు ఆంగ్లేయుడు. సరకు ఆర్మేనియను వర్తకులది. అందులో కొంత మొగలుదర్బారున ప్రముఖుడగు ముఖ్లిస్ ఖానునిది. కిడ్ తన యోడమీద ఫ్రెంచి జెండా నెత్తగా, వర్తకులు తప్పించుకొందుమనుకొని తమయొద్దనున్న ఫ్రెంచి చీటిని చూపిరి. చీటి చూపుటయే వారి నేరమాయెను. ఫ్రెంచి చీటి గల యోడ ఫ్రెంచియోడయేయని కిడ్ వాదము. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును 1697 సెప్టెంబరులోనే రిస్విక్కున సంధి యైనది. ఆ వార్త హిందూమహాసముద్రము చేరుటకు నెలలు పట్టు కాలమది.

సూరతున ఆంగ్లేయ కంపెనీ ఉద్యోగులను మొగలు అధికారులు నిర్బంధించిరి. ఒకని దోపిడికి ఒక జాతియంతయు పూచీపడవలెనని ఔరంగజేబు ప్రభుత్వము పట్టుపట్టెను. ఇంగ్లండున కిడ్ మీద 1701 మేలో హత్యకును ఓడదోపిడికిని విచారణ జరిగెను. కోజీ బాబా అను ఆర్మేనియను వర్తకుడు లండను వరకు పోయి సాక్ష్యమిచ్చెను. ఫ్రెంచి చీటులను తాను అమెరికాలోని గవర్నరునకు అప్పగించితినని కిడ్ మొరపెట్టుకొనెను. విచారణలో అవి కనబడలేదు. మే 23న అతని నురిదీసిరి. ఇరువదవ శతాబ్దపు తొలిదినములలో లండను ప్రభుత్వ దస్తావేజుల నడుమ ఆ చీటులు బయటపడినవి. అవి దొరికియున్నను కిడ్ నిర్దోషి యగునని మేము చెప్పజాలము. ఆర్మేనియను వర్తకునకు మాత్రము అవి దొరికినను దొరకకున్నను ఒకటే. కిడ్ వద్ద జప్తుచేసిన సొత్తు విలువ 6,472 పౌనులు. దానిని ఆన్ రాణి గ్రీనిచ్చిలోని నావికుల ఆసుపత్రికిచ్చెను. ఆ యోడ శిథిలములు 2007లో డొమినికన్ రిపబ్లికు దగ్గర కటలీనా దీవి తీరమున దొరికినవి.

యుద్ధమున సముద్రముమీద పట్టుబడిన ఓడను, సరకును ఆంగ్లేయులు "ప్రైజు" అందురు. బహుమానమునకును వారికదే మాట. ప్రైజును విచారించు కోర్టు పట్టుకొన్న రాజ్యముదే. అది ప్రైజని తేలినచో దాని వెలలో భాగము పట్టుకొన్న నావికులకు పంచుట ఆచారముగ నుండెను. న్యాయమూర్తి యెంత ధర్మాత్ముడైనను, పందెమున గెలిచినవాని యింటనే తగవు తీర్చుకొనుట వంటిది. అట్టి న్యాయమూర్తులలో మేటి విలియం స్కాటు. పిదప స్టోవెల్ ప్రభువైనవాడు. అతడు 1801లో "ఇండియన్ చీఫ్" అను ఓడ విషయమున చెప్పిన తీర్పు మన దేశమునకు సంబంధించినది.

ఆ యోడలోని సరకు తనదని వచ్చినవాడు కలకత్తాలో అమెరికా కాన్సలుగ నున్న మిల్లర్. అమెరికా తటస్థరాజ్యము. బ్రిటిషు ప్రజయైనవాడు యుద్ధకాలమున శత్రువుతో వ్యాపారము చేయరాదు గాని, తాను బ్రిటిషు ప్రజ కాడనియు, కలకత్తా మొగలుచక్రవర్తి దేశమే గాని ఇంగ్లండు కాదనియు అతని తరపువారు వాదించిరి. స్కాటు ఒప్పుకొనలేదు. తూర్పుదేశములలో విదేశవర్తకులు ఆ దేశప్రజలలో కలిసిపోరు. ఏ ఐరోపా జాతి కొఠీ నీడన బ్రతుకుదురో ఆ జాతివారుగనే లెక్కింపబడుదురు. బంగాళమున మొగలు సార్వభౌమత్వము పేరునకు మాత్రమేయని అతడు నిర్ణయించెను. మిల్లరు సరకు పోయినది. ఆ యోడ యజమాని జాన్సను ఇంగ్లండు విడిచి స్వదేశమునకు వెడలినవాడగుటచే అతని యోడను విడిచిపెట్టిరి. ఒకే ఓడ, ఒకే ప్రయాణము, ఇద్దరు అమెరికావారు. ఒకడు లండను వీడెను గనుక ఓడ దక్కెను, ఇంకొకడు కలకత్తాలో నుండెను గనుక సరకు పోయెను.

అంతకు ముందటి యేడే, 1800లో, మా యనంతపురము ప్రాంతమును నిజాము కంపెనీకి దత్తము చేసెను. ఊరువారి నెవరు నడుగలేదు. ఒక కాగితముమీది సంతకముతో రైతు ఒక ప్రభువు ప్రజ కాక యింకొక ప్రభువు ప్రజ యాయెను. స్కాటు తీర్పును చదివినప్పుడు మాకు తోచినదేమన, ఆ వర్తకునకును ఈ రైతునకును స్థితి యొక్కటియే. సరకు ఎవరిదని తేల్చుటకు ముందు మనిషి ఎవరివాడని తేల్చుచున్నారు; మనిషి ఎవరివాడని తేల్చునది అతని మాట కాదు.

ఐరోపారాజ్యములు 1856లో పారిసున నొక ప్రకటన చేసినవి. తటస్థుని జెండా క్రింద పోవు ఓడలో శత్రువు సరకున్నను పట్టరాదు. శత్రువు జెండా క్రింద పోవు ఓడలో తటస్థుని సరకున్నను పట్టరాదు. యుద్ధోపయోగమై నిషేధింపబడిన సరకు మాత్రము రెండింటికిని మినహా. వినుటకు ఎంతయో హాయిగ నున్నది. 1907లో హేగున అంతర్జాతీయ ప్రైజుకోర్టు నొకదానిని స్థాపింపవలెననియు ఒడంబడిక వ్రాసికొనిరి. తగినన్ని రాజ్యములు తుదకు దానిని స్థిరపరుపలేదు. ఆ కోర్టు పుట్టనేలేదు.

ఈ న్యాయము బంగాళాఖాతమున పరీక్షకు వచ్చినది 1914 సెప్టెంబరులో. జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ చైనాతీరము నుండి దొంగచాటున వచ్చి కొలంబో, కలకత్తాల నడుమ వర్తకపు దారిలో నిలిచెను. దాని యధిపతి కార్ల్ ఫాన్ ముల్లర్. మొదట చిక్కినది పోంటోపోరోస్ అను గ్రీకు ఓడ. గ్రీసు తటస్థరాజ్యము, ఓడ తటస్థుని జెండా క్రిందనే యున్నది. కాని లోపలనున్నది బ్రిటిషువారికై పోవుచున్న 6,500 టన్నుల బొగ్గు. యుద్ధమున బొగ్గనగా ప్రాణము. అది నిషిద్ధసరకని ముల్లరు నిర్ణయించి, ఓడ కప్తానుతో నొడంబడి, బొగ్గుతో కూడ దానిని తనవెంట త్రిప్పుకొనెను. మరునాడు ఇండస్, ఆ మరునాడు లోవట్, రెండును సేనలను గుఱ్ఱములను మోయుటకు సిద్ధపరచిన బ్రిటిషు ఓడలు, మునిగిపోయినవి. ఇండస్సులో పెట్టెలకొలది సబ్బు దొరకగా జర్మను నావికులు పండుగ చేసికొనిరి.

సెప్టెంబరు 12న పట్టుబడిన కబింగా కథయే మాకు ముఖ్యము. ఓడ బ్రిటిషువారిది, కనుక ముంపదగినది. సరకులో చాలభాగము కలకత్తానుండి అమెరికాకు పోవునది, అమెరికావారి సొత్తు. అమెరికా అప్పటికి తటస్థము. ముంచినచో ఆ సరకు వెల జర్మనీ యిచ్చుకొనవలసివచ్చును. ముల్లరు ఓడను ముంపక, ముందు పట్టుబడిన నావికుల నందెక్కించి విడిచిపెట్టెను. ఆ యోడలో కప్తాను భార్యయు బిడ్డయు నుండుటయు ఎరిగినదే. కాని వారు లేకున్నను ఓడ నిలిచియుండెడిది, సరకే దానిని కాచినది. మరునాడు తేయాకుతో నిండిన డిప్లొమాట్ చిక్కెను. ఓడయు బ్రిటిషువారిదే, తేయాకును వారిదే. దానిని ముంచిరి. 14న క్లాన్ మాథెసన్. రైలింజనులు, మోటారుకార్లు, కలకత్తా పందెములకు పోవు గుఱ్ఱములు అందుండెను. గుఱ్ఱములు నీట మునిగి బాధపడకుండ ముందుగ కాల్చి, ఓడను ముంచిరి. చచ్చిన గుఱ్ఱపు తోకకు వెల యిచ్చిన రాజును మేము మరువలేకున్నాము.

సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ మద్రాసు తీరమునకు వచ్చి చమురుతొట్లను కాల్చినది మన పెద్దలు చెప్పగా విన్నదే. మద్రాసు నుండి జనులు పెట్టెబేడలతో ఊళ్లకు పరుగెత్తిరి. తమిళదేశమున నేటికిని గడుసువానిని "ఎమ్డెన్" అందురు. నవంబరు 9న కోకోసు దీవులయొద్ద ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ చేతిలో అది కూలెను.

ముల్లరు కబింగాను విడిచినప్పుడు తన రాజ్యపు న్యాయము తటస్థుల సొమ్మును కాచునని నమ్మెను. పిమ్మట జర్మను ప్రైజుకోర్టులు వేరుగ చెప్పినవి. గ్లిట్రా, ఇండియన్ ప్రిన్స్ అను బ్రిటిషు ఓడలను జర్మను నౌకలు ముంచినప్పుడు అందలి తటస్థుల సరకు పోయినది. సొంతదారులు పరిహారమడిగిరి. శత్రువు ఓడను న్యాయముగ ముంచినచో, ఆ ఓడతో కూడ మునిగిన తటస్థుల సరకునకు వెల యిచ్చుకొననక్కరలేదని కోర్టుల నిర్ణయము. పారిసు ప్రకటన సరకును పట్టరాదన్నదే కాని ముంపరాదనలేదని వారి తర్కము! పట్టిన సరకును తిరిగి యీయవలెను, ముంచిన సరకును మాత్రము అడుగరాదు. నడిసముద్రమున, శత్రువులు వెంటాడుచుండగా, గడియారము చూచుకొనుచు నిర్ణయించిన నావికునికి తోచిన ధర్మము, ఊరక కూర్చున్న న్యాయమూర్తులకు తోచలేదు. ఆంగ్లేయ కోర్టులు ఇంతకంటె మేలని చెప్పుటకు మేము సాహసింపము. వారు నిషిద్ధసరకుల పట్టికను యుద్ధము సాగినకొలది పెంచుచు పోయిరి. తుదకు తిండిగింజలును అందు చేరినవి.

వర్తకులు తమ జాగ్రత్త తాము చూచుకొనిరి. శత్రువులు పట్టుకొనుట వలని నష్టము మామూలు భీమాలో చేరదని కంపెనీలు పత్రములలో వ్రాయుచుండగా, యుద్ధనష్టమునకు వేరే చందా కట్టుట ఆచారమాయెను. ఆ చందా తుదకు తేయాకు వెలలోను, బట్ట వెలలోను చేరి మన యింటికి వచ్చెను. ఎమ్డెన్ ముంచిన ఓడల నష్టములో కొంత మన వంటయింటి పద్దులోను పడియుండునని ఇల్లాండ్రు గ్రహింతురుగాక.

స్వతంత్రభారతమును ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. 1965 సెప్టెంబరు యుద్ధమున భారతమును పాకిస్థానమును తమ రేవులలోను నదులలోను చిక్కిన ఎదుటివారి ఓడలను, సరకులను స్వాధీనపరచుకొన్నవి. ఇందు ఇరుదేశములవారి సొత్తేగాక ఏ పక్షమునకు చెందనివారి సరకును చిక్కుకొన్నది. 1966 జనవరి 10న తాష్కెంటు ప్రకటనలో, యుద్ధసంబంధమున పుచ్చుకొన్న ఆస్తులను తిరిగి యిచ్చు విషయము చర్చింతుమని ఉభయులు వ్రాసికొనిరి. చర్చింతుమన్నారు, ఇత్తుమనలేదు. 1968లో భారతదేశము శత్రుఆస్తుల చట్టమును చేసెను. 1971లో, మరల యుద్ధము వచ్చునాటికి, నౌకలును విమానములును ప్రైజుగ చిక్కినప్పుడు విచారించుటకు మనకు సొంత చట్టము నొకటి యేర్పడినది. దాని ప్రకారము ప్రైజుకోర్టులను నియమించు నధికారము కేంద్రప్రభుత్వముది. అనగా ఆచారము మారలేదు. పట్టినవాని కోర్టుననే విచారణ.

మోటుపల్లిలో గణపతిదేవుని రాతికంబము నేటికిని నిలిచియున్నది. రేవు పోయినది, ఓడలు రావు. శాసనమున వర్తకుని కులముగాని, దేశముగాని, జెండాగాని అడుగు మాట యొక్కటియు లేదు.